మా ఇంటికి ఎనిమిదో వంతు వాట్ సరిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, ఇంట్లో పాటలు బాగా వినాలంటే ఏమేం కొనాలో చెబుతూ ఒక వ్యాసం వేశారు. గదికి ఐదు డబ్బాలు, మూలకొక సబ్‌వూఫర్, కనీసం ఐదొందల వాట్లు ఉండాలన్నారు. పక్కన పట్టికలో వాట్లు పెరిగేకొద్దీ నక్షత్రాలు కూడా పెంచుకుంటూ పోయారు. రాసినవారితో నాకు పేచీ లేదు. ఇంట్లో సినిమాలు చూసేవాళ్లకి అది పనికొచ్చే సమాచారమే. కానీ 'పాటలు వినడానికి' అన్నారు కాబట్టి ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. పొడుగైంది. చోటు చాలకపోతే కత్తిరించుకోండి గానీ, ఆ వాట్ల సంగతి మాత్రం ఉంచండి.

నేను 1984లో టెలిఫోన్స్ డిపార్ట్‌మెంట్‌లో టెక్నీషియన్‌గా చేరాను. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద ఒకేరోజు వీఆర్ఎస్ మీద ఇంటికొచ్చిన సుమారు 78 వేల మందిలో నేనొకణ్ణి. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది, చేయడానికి పని లేదు. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. విజయనగరంలో మా ఇంట్లో పది బై పన్నెండు గది ఒకటుంది. ఆ గది కోసం నేను రెండు స్పీకర్ పెట్టెలు కట్టుకున్నాను. ఒక్కో పెట్టెలో ఒక్కటే స్పీకరు, నాలుగంగుళాల కాగితపు కోన్. బేస్‌కి ఒకటి, ట్రెబుల్‌కి ఇంకోటి అంటూ లేవు. కింది నుంచి పైదాకా మొత్తం పాటని ఆ ఒక్క కాగితమే మోస్తుంది. ఫుల్ రేంజ్ స్పీకర్ అంటారు దీన్ని.

నాకు ముప్పై ఆరేళ్లు అన్నం పెట్టిన అంకె ఒకటుంది: 300 నుంచి 3400. టెలిఫోన్ లైను మోసుకెళ్లే శబ్దమంతా ఆ హెర్ట్జ్‌ల (అంటే సెకనుకి అన్ని కంపనాల) మధ్యే ఉంటుంది. అంతకన్నా కిందిదీ పైదీ వదిలేస్తారు. అయినా అవతలివాళ్లు 'హలో' అనగానే అక్కో, మరదలో మనకి తెలిసిపోతుంది. జలుబు చేసిందో, ఏడ్చి ఫోన్ చేశారో కూడా తెలిసిపోతుంది. మనిషి ఆనవాలు చాలావరకు ఆ మధ్యలోనే ఉంది. మన చెవి కూడా రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ దగ్గరే మహా చురుగ్గా ఉంటుంది.

బజారులో దొరికే మామూలు స్పీకర్ పెట్టెలో కింద బేస్‌కి పెద్ద వూఫర్, పైన ట్రెబుల్‌కి చిన్న ట్వీటర్ ఉంటాయి. పాటని ఆ రెండింటికీ పంచే సర్క్యూట్ పేరు క్రాసోవర్. ఆ పంపకం ఎక్కువగా రెండు వేలకీ మూడున్నర వేలకీ మధ్య జరుగుతుంది. అంటే, సరిగ్గా గొంతు దగ్గరే కత్తి పెడతారు. మంచి ఇంజనీరు చేస్తే ఆ అతుకు తెలియదు, కాదనను. ఖరీదైన పెట్టెల్లో దాని కోసం కాయిల్స్, కెపాసిటర్లు పెట్టి నెలల తరబడి కొలుస్తారు. కానీ మా అల్లుడింట్లో మూలనపడ్డ పెట్టె ఒకటి విప్పి చూస్తే, అందులో క్రాసోవర్ అంటే మొత్తం కలిపి ఒకే ఒక్క కెపాసిటర్, ట్వీటర్ కాలికి సోల్డర్ చేసి జిగురు పూసి ఉంది. పెట్టె మీద మాత్రం బంగారు రంగులో త్రీ వే అని రాసుంది. మూడోది ఎక్కడా అని చూస్తే, అది ఉత్త ప్లాస్టిక్ బొమ్మ.

ఐదు డబ్బాల సెట్ల సంగతి ఇంకోలా ఉంటుంది. చాలా సెట్లలో ఆ చిన్న డబ్బాల్లోనూ ఒక్కో స్పీకరే ఉంటుంది. అంతవరకు వాటిదీ మాదీ ఒకటే కులం. కానీ ఆ స్పీకరు మరీ చిన్నది, మోయలేదు కాబట్టి గొంతు కింది భాగాన్నంతా మూలనున్న సబ్‌వూఫర్‌కి పంపిస్తారు. ఘంటసాల గారి పాట పెడితే ఆయన తల టీవీ పక్కన, పొట్ట సోఫా వెనకాల వినిపిస్తుంది.

ఈ ఒక్క స్పీకరు పద్ధతి కొత్త వేషమేమీ కాదు. మా నాన్న కొన్న ఫిలిప్స్ వాల్వు రేడియోలో ఉన్నది ఇదే. పార్వతీపురం దగ్గర మా ఊళ్లో, వరండాలో గోడకి కొట్టిన చెక్క మీద ఉండేది. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం నిశ్శబ్దం, తర్వాత దుమ్ము కాలిన వాసన, ఆ తర్వాత విజయవాడ. ముందు గుడ్డ, గుడ్డ వెనక ఒకే ఒక కాగితపు కోన్, చుట్టూ చెక్క పెట్టె, వెనక చిల్లుల అట్ట. భక్తిరంజని నుంచి రాత్రి వార్తల దాకా అన్నీ ఆ ఒక్క కోన్ మీదే. పోస్టాఫీసులో లైసెన్స్ ఫీజు కట్టి మరీ వినేవాళ్లం. అందులో గలగలలాడే ట్రెబుల్ లేదు, గుండెలదిరే బేస్ లేదు. వార్తలు చదివే మనిషి మాత్రం ఆ గుడ్డ వెనకాలే కూర్చున్నట్టుండేది.

ఇప్పుడు మనం వాడుతున్న రకం స్పీకరుకి పునాది వేసింది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు, 1925లో. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన కోన్. వందేళ్లయినా ఆ ఏర్పాటు పెద్దగా మారలేదు. ఇంగ్లండులో పాల్ వాయిట్ అనే ఆయన 1930ల్లో ఒక్క కోన్‌నే పొడుగాటి గొట్టాలకీ కొమ్ములకీ బిగించి, చిన్న ఆంప్లిఫయర్లతోనే గది నింపే పెట్టెలు చేశాడు. గొట్టం ఆలోచన నేను తీసుకున్నది ఆయన దగ్గరే.

మొదటి జత స్పీకర్లు నన్ను ముంచాయి. ఎవరి దగ్గర కొన్నానో రాయను. పెద్ద కంపెనీ స్టిక్కరే ఉంది, డబ్బా మీద హోలోగ్రామ్ కూడా ఉంది. వంటింటి కాటా మీద పెడితే బరువు కంపెనీ చెప్పినదాంట్లో సగం లేదు. అనుమానం వచ్చి కొలిచాను. స్పీకరుతో వరుసలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ఫోన్లో టోన్ వినిపించే ఆప్ నుంచి ఆంప్లిఫయర్ ద్వారా హెర్ట్జ్ పెంచుకుంటూ పోతే, ఒకచోట స్పీకరు కాళ్ల మధ్య వోల్టేజ్ అమాంతం లేచి మళ్లీ పడిపోతుంది. అదే దాని సొంత శ్రుతి. కాగితం మీద 80 ప్రాంతం అని రాసుంటే, ఒకటి 140 దగ్గర లేచింది, రెండోది 170 దగ్గర. కవలలని చెప్పి వేరువేరు ఊళ్ల పిల్లల్ని అంటగట్టాడు. డబ్బు వెనక్కి రాలేదు. ఈ కొలత కొన్న రోజే చేసుకోవాలని మాత్రం తెలిసొచ్చింది.

రెండోసారి జపాన్‌వాళ్ల ఫోస్టెక్స్ జత, తెలిసిన కుర్రాడు బెంగళూరు నుంచి తెచ్చాడు. పద్నాలుగు వేలు దాటింది. ఆ కంపెనీ కొన్ని రకాల కోన్‌లలో అరటి జాతి నార కలుపుతుందని చెబితే మా ఆవిడ పెరట్లోకి చూసి, "మనం గెలలు కోసి చెట్టు నరికి పారేస్తున్నాం, వాళ్లు దాన్నే పద్నాలుగు వేలకి అమ్ముతున్నారు" అంది. కోన్ పట్టుకుంటే పెళ్లి శుభలేఖ మందం కూడా లేదు. వేలితో మెల్లగా మీటితే 'టప్' మని పొడిగా చప్పుడు. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు ఒకటి చూసుకోవాలి. కోన్ అంచుకి ఫోమ్ ఉన్నవి మన తేమకి పదీ పదిహేనేళ్లలో పిండిపిండిగా రాలిపోతాయి. గుడ్డ అంచో, మడతల కాగితపు అంచో ఉన్నవి నిలుస్తాయి. మా నాన్న రేడియోలో కోన్ ఇప్పటికీ బాగుందంటే అందుకే.

ఇక పెట్టె. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవాళ్లకి ఫిజిక్స్ ల్యాబ్‌లో నీళ్ల గొట్టం, శృతిదండం గుర్తుండే ఉంటాయి. శృతిదండం మోగించి గొట్టం మూతి దగ్గర పట్టుకుని నీళ్లు దించుతుంటే ఒకచోట గొట్టం ఒక్కసారి 'హూం' అంటుంది. అప్పుడు గొట్టంలో గాలి పొడవు తరంగంలో నాలుగో వంతు. నేను కట్టింది ఆ గొట్టాన్నే, తలకిందులుగా. పైన మూసి, కింద తెరిచి. పొడవు మీటరున్నర. మా వేసవిలో శబ్దం సెకనుకి సుమారు 349 మీటర్లు పోతుంది. మీటరున్నరకి నాలుగింతలు ఆరు. 349ని ఆరుతో భాగిస్తే 58 హెర్ట్జ్. కోన్ అలసిపోయే చోట గొట్టం అందుకుంటుంది. 58 ఎందుకంటే, వీణలో అన్నిటికన్నా కింది తీగ అనుమంద్రం శ్రుతిని బట్టి అరవై, డెబ్బై దగ్గర ఉంటుంది. చిట్టిబాబు గారి వీణకి ఆ తీగ లేకపోతే ఇంత శ్రమా దండగ.

స్పీకరుని గొట్టం పైకొస నుంచి సరిగ్గా మూడో వంతులో, అంటే యాభై సెంటీమీటర్ల కింద బిగించాను. గొట్టం 58 దగ్గరే కాకుండా దానికి మూడింతల దగ్గర కూడా మోగాలని చూస్తుంది. ఆ మోత గొంతుని పాడుచేస్తుంది. మూడో వంతులో పెడితే ఆ మోతకి ఊతం దొరకదు. పైగా నేలనుంచి మీటరు ఎత్తులో, కుర్చీలో కూర్చున్నవాడి చెవికి ఎదురుగా వచ్చింది. ఇంత చక్కగా కుదిరేసరికి రెండు రోజులు నన్ను నేనే మెచ్చుకున్నాను.

వడ్రంగి మేస్త్రి బొబ్బిలి వైపు మనిషి. పనసచెక్కతో వీణలు చేసే గొల్లపల్లిలో ఆయనకి చుట్టాలున్నారు. పద్దెనిమిది ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ షీట్ ఒక్కటి తెచ్చాం, రెండు గొట్టాలకీ సరిపోయింది. ఎండీఎఫ్ వద్దన్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఎండీఎఫ్ అంటే ఊరి లైన్లన్నీ వచ్చి చేరే పెద్ద ఫ్రేము, దానిమీద నాకు ప్రేమే. చెక్కల కొట్లో అదే పేరుతో అమ్మేది వేరే సరుకు, తేమ తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది. మేస్త్రి గొట్టం బొమ్మ చూసి, "ఏటి బాబూ, బీరువాకి తలుపు ఎట్టరా?" అన్నాడు. పని మొదలయ్యాక చెక్కని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది వాళ్ల చుట్టాల అలవాటు. నేనూ కొట్టి చూసి, ఇక్కడ మోగుతోంది, లోపల అడ్డపట్టీ వెయ్యాలి అన్నాను. ఆయన సుత్తి కింద పెట్టేశాడు. "వీణ మోగనేదని గొడవెట్టినోల్ని సూసేను గానీ, మోగుతోందని గొడవెట్టినోల్ని ఇప్పుడే సూత్తన్నాను బాబూ."

ఆయన మాట సబబే. వీణకి చెక్కే గొంతు. స్పీకరు పెట్టెకి చెక్క నోరు మూసుకునుండాలి, మాట్లాడాల్సింది కాగితమూ లోపలి గాలీ మాత్రమే. మూడు అడ్డపట్టీలు వేయించాక కొడితే గోడ మీద కొట్టినట్టు 'దబ్' మంది. రెండు రోజుల కూలీ, షీటు, ఫెవికాల్, వార్నిష్ అన్నీ కలిపి ఏడు వేల లోపే అయింది.

బిగించి పాట పెట్టాను. అంత కష్టపడ్డాక వచ్చింది తగరపు డబ్బా మోత. బేస్ లేదు, పాడేవాడు ఎక్కడున్నాడో తెలియదు. నేను తల పట్టుకుని గొట్టం లెక్కలు మళ్లీ వేస్తుంటే మా ఆవిడ చేటతో బియ్యం చెరుగుతూ, "ఏవండీ, ఆయన గోడ అవతల నుంచి పాడుతున్నట్టుంది, రెండు చెవుల్నీ చెరో పక్కకి లాగుతోంది" అంది. అప్పుడు వెలిగింది. ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తారుమారు చేశాను. ఒక కోన్ ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. గడియారంలోంచి పెన్సిల్ సెల్ తీసి, ఆంప్లిఫయర్ వైపు తీగ కొసల్లో ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం ముట్టించాను. 'టక్' మని కోన్ ముందుకొస్తే సరైనది. ఎడమది ముందుకొచ్చింది. కుడిది లోపలికి పోయింది. ముప్పై ఆరేళ్లు జతలు తప్పకుండా జంపర్లు, అంటే లైన్లు కలిపే జంట తీగలు, వేసినవాణ్ణి, నా ఇంట్లో రెండు తీగలు తప్పాను. ఎక్స్ఛేంజీలో ఎవరికీ చెప్పొద్దని మా ఆవిడని బతిమాలుకున్నాను.

తీగ మార్చాక బేస్ వచ్చింది గానీ గొంతు ముక్కుదిబ్బడ పట్టినట్టుంది. గొట్టంలో వెనక్కి పోయిన శబ్దం పైకొసని కొట్టుకుని తిరిగి కోన్‌లోంచే బయటికొస్తోంది. దానికి మందు దూది. పుస్తకాల్లో గొర్రె ఉన్ని అంటారు, పాలియెస్టర్ అంటారు. మా ఇంట్లో పాత బూరుగు దూది దిండు ఉంది. కుట్లు విప్పి, మూత పక్కకి జరిపి, పైభాగంలో గుప్పెడు వేయడం, వినడం, ఇంకో గుప్పెడు వేయడం. మూడు గుప్పిళ్లకి దిబ్బడ సగం పోయింది. ఆరుకి గొంతు విచ్చుకుంది. తొమ్మిదో గుప్పెడుకి మృదంగం చచ్చిపోయింది, తడిచాప మీద వాయించినట్టు. మూడు గుప్పిళ్లు వెనక్కి తీశాను. ఆ సాయంత్రం నా మీసాలనిండా బూరుగు దూదే.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆంప్లిఫయర్‌కీ కోన్‌కీ మధ్య ఏ అడ్డూ ఉండకూడదన్నది ఈ పద్ధతివాళ్ల మతం. నేనూ మొదట్లో వచ్చినవాళ్లందరికీ అదే గొప్పగా చెప్పాను. కానీ పెట్టె ముందు పలక సన్నం కావడంతో కింది స్వరాలు పక్కలనుంచి వెనక్కి జారిపోయి, గొంతు పీలగా, మూడు వేల దగ్గర కాస్త అరుపుగా వినపడింది. చివరికి ఒక మిల్లీహెన్రీ కాయిల్ చేత్తో చుట్టి, దానికి అడ్డంగా 4.7 ఓమ్‌ల రెసిస్టర్ కట్టి, లైనులో పెట్టాను. పై స్వరాలు, శబ్దం గట్టిదనాన్ని కొలిచే లెక్కలో, నాలుగు డెసిబెల్స్ తగ్గి, గొంతు నిండుగా కూర్చుంది. ఇది క్రాసోవర్ కాదు, పాటని రెండు ముక్కలు చేయదు అని వాదించగలను. అయినా మతభ్రష్టుణ్ణే.

ఆంప్లిఫయర్‌కి ఎల్ఎం 1875 ఐసీలు రెండు, 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు పెద్ద కెపాసిటర్లు. అన్నీ హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో దొరికాయి. స్పీకరు తీగ కోసం వేలకి వేలు పోసేవాళ్లున్నారు. నేను వాడింది మా జంపర్ వైరే. ఒక్క జత మూడు మీటర్లకి అర ఓమ్ దాకా అడ్డుతుంది, నాలుగు జతలు పేనేస్తే అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ పట్టిక సంగతి. ఒకరోజు సాయంత్రం, పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చున్నప్పుడు, మామూలుకన్నా కాస్త గట్టిగానే పెట్టి, స్పీకరు కాళ్ల మీద మల్టీమీటర్ ఆనించాను. ముల్లు ఒక వోల్టు దగ్గర ఊగుతోంది. ఒక వోల్టు ఎనిమిది ఓమ్‌ల మీద అంటే ఎనిమిదో వంతు వాట్. మీటరు చూపేది సగటే, మృదంగం దెబ్బకి క్షణంపాటు పదింతలు ఎగిరిందనుకున్నా ఒకటింబావు వాట్. అప్పటికే మాట వినపడాలంటే గొంతు పెంచాల్సి వచ్చింది. ఈ స్పీకరు ఒక్క వాట్‌కి మీటరు దూరంలో 89 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడే మూడు డెసిబెల్స్. చెవికి రెండింతలుగా అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అందుకే 250 వాట్లకి మూడు నక్షత్రాలిచ్చి 500కి ఐదు ఇవ్వడం, బండి స్పీడోమీటరులో ఎక్కువ అంకెలున్నాయని మార్కులెయ్యడం లాంటిది. తొంభైలలో టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ అని రాసి వేల వాట్లు అమ్మేవారు, గుర్తుందా? చేటంత అక్షరాలు, చెంచాడు శబ్దం.

వినడం గురించి ఎక్కువ రాస్తే కవిత్వమైపోతుంది. ఒకటి మాత్రం రాస్తాను. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత 78 ఆర్‌పీఎం రికార్డుల కాపీలు నా దగ్గరున్నాయి. వాటిలో పైన పెద్దగా ఏమీ లేదు, కింద కూడా లేదు, నడుమనున్నదే సంగీతం. ట్వీటరున్న పెట్టెలో పెడితే ముందు వినపడేది రికార్డు గీతల చిటపట. ఇందులో ఆ చిటపట వెనకెక్కడో వానలా పడుతుంటే, కమాను తీగ మీద ఆగి తిరగబడే చోట చిన్న పట్టు, కమానుకి రాసే రోజిన్ గరుకు తెలుస్తుంది. ఘంటసాల గారి కాలపు సినిమా పాటలు మోనో. అవి పెడితే రెండు గొట్టాల మధ్య ఖాళీ గోడ ముందు ఆయన ఒక్కరే నిలబడతారు. పల్లవికీ చరణానికీ మధ్య ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. మొదటిసారి అది విని మా ఆవిడ వంటింట్లోంచి, "ఎవరండీ వచ్చింది?" అని అడిగింది.

చేతకానివి కూడా చెప్పకపోతే నాకూ ఆ స్టిక్కరు అంటించినవాడికీ తేడా ఉండదు. డప్పులు, తీన్‌మార్, ఇప్పటి సినిమా ఫైట్లు దీనివల్ల కాదు. మా మనవడు సెలవులకొచ్చి ఏదో పాట పెట్టి వాల్యూమ్ తిప్పితే కోన్ గుడ్లు తేలేసినట్టు ముందుకొచ్చి 'పట్ పట్' మంది. పరుగెత్తుకెళ్లి ఆపాను. "తాతా, ఇది పాత పాటలకే పనిచేస్తుందా?" అన్నాడు. వాడి అనుమానం సగం నిజం. వంద మంది వాయించే ఆర్కెస్ట్రా, మనుషులూ వాద్యాలూ కిక్కిరిసిన రికార్డింగ్ పెడితే ఒక్క కాగితం అన్నిటినీ మోయలేక కలగాపులగం చేస్తుంది. పై స్వరాలు టార్చిలైటులా తిన్నగా పోతాయి. ఎదురుగా కూర్చున్నవాడికి పండగ, పక్కన కూర్చున్నవాడికి మిగిలింది. కోన్ పెద్దదయ్యేకొద్దీ ఈ గుణం ఇంకా ఎక్కువ, ఎనిమిదంగుళాలవాళ్లు అందుకే పైన ఇంకో చిన్న కాగితపు గరాటు అతికిస్తారు. మా గదిలో మంచి కుర్చీ ఒక్కటే. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా నాది, మధ్యాహ్నం మా ఆవిడది. ఈ ఒప్పందం ఇంట్లో రాతపూర్వకంగా లేదు గానీ గట్టిగానే అమలవుతోంది.

మీ వ్యాసంలో ఈసారి పట్టిక వేసేటప్పుడు వాట్ల పక్కనే, ఒక వాట్‌కి మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో ఆ అంకె కూడా వేయండి. అది ప్రతి మంచి కంపెనీ కాగితంలోనూ ఉంటుంది. నక్షత్రాలు ఎలా ఇవ్వాలన్నది మీ ఇష్టం.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ టెక్నీషియన్,
విజయనగరం.

తా.క.: ఎవరైనా ఈ గొట్టం కట్టదలిస్తే కింది మూతికి దోమల జాలీ కొట్టడం మరిచిపోకండి. కిందటి వానాకాలం మా ఎడమ గొట్టంలోంచి చిత్రమైన గరగర మొదలైంది. కాయిల్ అనుమానించాను, ఐసీ మార్చాను, సోల్డర్లన్నీ మళ్లీ వేశాను. పది రోజుల తర్వాత పడుకోబెట్టి టార్చి వేసి చూస్తే బూరుగు దూదిలో బల్లి, రెండు గుడ్లు పెట్టుకుని హాయిగా ఉంది. గుడ్లు పగిలి పిల్లలు వెళ్లిపోయేదాకా మా ఆవిడ ముట్టుకోనివ్వలేదు. ఆ మూడు వారాలూ కుడి గొట్టం ఒక్కదానితోనే విన్నాం. ఘంటసాల గారికి ఏ లోటూ జరగలేదు.